కొత్త డబ్బాలో కోట ఆట

బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ ముందు చెరకు బండ్లు తూకం కాంటా కోసం ఆగే మైదానం పక్కన సీమోనుకు చాయ్ హోటల్ ఉండేది. చుట్టూ తడకలు, పైన రేకులు, లోపల రెండు బల్లలు. చాయ్ గొప్పదేం కాదు. అయినా సీజన్ మొదలైందంటే రైతులు బండ్లు వరుసలో నిలిపి, ఎడ్ల ముందు చెరకాకు వేసి, నేరుగా అక్కడికే వచ్చేవారు. వాళ్లు వచ్చేది కోట ఆట కోసం.

ఆ ఆటను పుట్టించింది సీమోను కాదు. ఎనభైల మొదట్లో అతను నిజామాబాద్‌లో ఒక మిషన్ హాస్టల్లో వంట చేసేవాడు. ఇంగ్లీషు చెప్పడానికి పైదేశం నుంచి వచ్చిన ఒక పడుచు మాస్టారు సాయంత్రాలు పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని ఆడించేవాడు. ఒక లావు పుస్తకం, ఎన్నో ముఖాలున్న పాచికలు. గళ్లు లేవు, కాయలు లేవు. మాస్టారు కథ చెబుతాడు. ఆ కథలో ఒక్కో పిల్లవాడు ఒక్కో మనిషి. ఇప్పుడేం చేస్తావని మాస్టారు అడుగుతాడు, పిల్లవాడు చెబుతాడు, అనుకున్నది జరిగిందో లేదో పాచిక తేలుస్తుంది. మాస్టారు తన దేశం వెళ్లిపోతూ పుస్తకాన్నీ పాచికల్నీ పట్టుకుపోయాడు. సీమోనుకు ఆడే తీరు ఒక్కటే మిగిలింది.

రూతమ్మను పెళ్లి చేసుకుని బోధన్‌లో హోటల్ పెట్టాక దాన్ని బయటికి తీశాడు. పాచికలకు బదులు ఆరు గవ్వలు. మాస్టారి కథలోని రాక్షసుల్ని తీసేసి అడవి, వాగు, ఎలుగుబంట్లు, సుంకం కోసం దారి కాసే సిపాయిలు, అన్నిటికీ చివర ఒక కోట పెట్టాడు. కోటలోకి పోవడమే ఆట. బండి కాంటా ఎక్కే వేళకు కథ ఎక్కడుంటే అక్కడే ఆగుతుంది. సీజన్ ముగిస్తే వచ్చే సీజన్‌లో అక్కడి నుంచే ఎత్తుకుంటాడు. ఎవరి మనిషి ఎక్కడ ఆగాడో, ఎవరి దగ్గర ఎన్ని బాణాలున్నాయో అంతా అతనికి నోటికి ఉండేది. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. పడిన గవ్వలు పడినవే. మళ్లీ వేయడం, బతిమాలడం లేదు.

ఎడపల్లి వైపు నుంచి వచ్చే భీమన్న అనే రైతుకు ఆటలో నాగులు అనే వేటగాడు ఉండేవాడు. తొంభై ఒకటిలో కోట ముందరి లోయలో ఒక బండరాయి దొర్లింది. తప్పించుకోవడానికి భీమన్న గవ్వలు వేస్తే ఆరూ బోర్లా పడ్డాయి. నాగులు కాలు నుజ్జయింది. ఆ తర్వాత అందరి మనుషులూ పరుగెత్తేవారు, నాగులు వెనక కుంటుతూ వచ్చేవాడు. ప్రతి సీజన్‌కూ భీమన్న అడిగేవాడు.

"సీమోనన్నా, ఈ అడివిల ఒక్క మందు చెట్టన్న లేదానే?"

"దొరికితే చెప్త తియ్," అనేవాడు సీమోను.

ఒక్క మాటతో చెట్టు మొలిపించడం అతని చేతిలోని పని. మొలిపించలేదు. అది మోసమని అతని లెక్క. కుంటి నాగులు పేరు మైదానమంతా తెలుసు. కొత్తగా వచ్చిన బండివాళ్లు నాగులు ఎవరని అడిగి మరీ భీమన్నను చూసేవారు. భీమన్నకు అది గర్వంగా ఉంటుందని సీమోను అనుకున్నాడు. పదేళ్లు అలాగే అనుకున్నాడు.

రూతమ్మ తమ్ముడు ముత్యానికి నిజామాబాద్ బస్టాండు దగ్గర వీడియో గేముల దుకాణం ఉంది. రెండు వేల సంవత్సరంలో సీజన్ మొదలైన వారానికి చంకలో తాను అచ్చు వేయించిన ఒక అట్టడబ్బాతో దిగాడు.

"బావా, జర కూసో. నీకొకటి సూపిస్త."

"సూపియ్య వచ్చినవా, ఫుకట్ల చాయ్ తాగ వచ్చినవా?"

"రెండిటికి."

డబ్బా మీద రంగుల్లో కోట బొమ్మ, కింద పెద్ద అక్షరాల్లో 'కోట ఆట'. లోపల గళ్లు గీసి మడత పెట్టిన అట్ట, కాయలు, కార్డులు, ప్లాస్టిక్ పాచికలు, ఎర్రటి బిళ్లలు. సీమోను ఒక బిళ్ల తీసి అటూ ఇటూ తిప్పాడు.

"గివేంది?"

"పానాలు. ఒక్కొక్కనికి మూడు. ఒకటి వోతే ఇంకోటి తీస్కోని ఆడుడే."

"కథ ఎవడు చెప్తడు?"

"కార్డుల మీద రాసుంది గద."

"మరి నేనేం జెయ్యాలె?"

"నువ్వు గూడ ఆడు. ఇన్నేండ్ల సంది చెప్పి చెప్పి నోరు నొస్తలేదా బావా?"

సీమోను కార్డులన్నీ ఒకసారి చూశాడు. "భీమన్న నాగులు దీంట్ల యాడున్నడు?"

"లేడు," అన్నాడు ముత్యం. "నా దుకాన్ల సూసినవ్ గద. మొదలు తెచ్చిన టీవీ ఆట డబ్బాకు క్యాసెట్లుండె. ఇప్పుడు సీడీల డబ్బా వచ్చింది. ఆ క్యాసెట్లు దీంట్ల వడ్తయా? వడయి. పోరగాండ్లు రెండు దినాలు మొత్తుకున్నరు. మూడోనాడు కొత్తదాని ముంగట్నే లైన్ గట్టిండ్రు. గిది గూడ గంతే."

"క్యాసెట్టు నువ్వు కొనుక్కొచ్చింది. నాగులును భీమన్న పెంచిండు."

"కొన్నా పెంచినా, కొత్త డబ్బాకు దాంతోని పనిలేదు. పాతయన్ని పట్టేటట్టు జేస్తే అది కొత్తదెట్లయితది?"

"గట్లయితే కోట ఆటని పేరెందుకు వెట్టినవ్ర? నీ పేరు వెట్టుకో."

"నా పేరు వెడితే ఎవడు కొంటడు?"

పొయ్యి దగ్గర నుంచి రూతమ్మ నవ్వింది. "మా తమ్మునికి అబద్దమాడరాదు."

సీమోను నవ్వలేదు. డబ్బా మూసి బల్ల మీద పెట్టాడు. "భీమన్న వస్తడు. ఆయిననే అడుగు. నాగులును ఇడిసిపెట్టి నీ డబ్బా దిక్కు వస్తే, నేను గవ్వలు పక్కకు వెడ్త. మల్ల తియ్య."

మధ్యాహ్నం భీమన్న, అతనితో ఎప్పుడూ ఆడే రాజలింగు బండ్లు వరుసలో నిలిపి వచ్చారు. ముత్యం అట్ట పరిచాడు. ఆడి చూద్దామని ఇద్దరూ కూర్చున్నారు. సీమోను చాయ్ గ్లాసులు కడుగుతూ నిలబడ్డాడు.

భీమన్న మొదటి ప్రాణం వాగులోనే పోయింది.

"అయిపాయె! నీ పెండ్లాం బొట్టు తుడువాలె," అన్నాడు రాజలింగు.

"ఏ ఊకో, ఇంకో రెండున్నయి." భీమన్న బిళ్ల పక్కకు తోసి మళ్లీ పాచిక వేశాడు. రెండోది సిపాయిల చేతిలో పోయింది. దానికి ఇద్దరూ ఇంకా ఎక్కువ నవ్వారు. మూడోదానితో భీమన్న లోయ దాటాడు. పాచిక ఎంత పడితే అన్ని గళ్లు గబగబా కాయ జరుపుతూ, బండ్ల వరుస ఇంకా కదలకముందే, కోటలోకి పోయాడు. సీమోను బల్ల దగ్గర అంతవరకు ఎవరూ పోని చోటు అది.

"ఉరికిన సీమోనన్నా! పదేండ్లకు ఉరికిన!"

సీమోను చేతిలోని గ్లాసు దించాడు. "మరి నాగులును ఏం జేస్తవ్?"

"గాన్ని నీ తాన్నే ఉండనియ్."

"పదేండ్లు తిప్పుకున్న మనిషిని గట్ల పారేస్తవా?"

భీమన్న నవ్వు ఆపాడు. "బోరు ఎండె. ఎద్దు జచ్చె. ఈడికొచ్చి ఆటల గూడ కుంటుకుంటనే నడువాల్నా అన్నా? ఎన్ని తీర్ల జెప్పిన నీకు, ఒక్క చెట్టు సూపియ్యమని?"

"గవ్వలు గట్ల వడ్డయి. నేనేం జేస్త?"

"గవ్వలు నేనేసిన. రాయి దొర్లిచ్చింది నువ్వు."

రాజలింగు కార్డులు కలుపుతున్నట్టు తల వంచుకున్నాడు. సీమోను గవ్వల సంచి తీసి పంచదార డబ్బా వెనక పెట్టాడు.

ఆ సీజన్ అంతా అదే బల్ల మీద ముత్యం డబ్బాతోనే ఆడారు. సీమోను చాయ్ ఇచ్చేవాడు, గ్లాసులు తీసేవాడు. ఒకసారి రాజలింగు పట్టుబట్టి కూర్చోబెడితే ఆడాడు. మూడు ప్రాణాలూ వరసగా పోయాయి. మళ్లీ మొదటి నుంచి ఆడమన్నారు. పాలు పొంగుతున్నాయని లేచిపోయాడు.

రెండేళ్లకు ముత్యం ఇంకో డబ్బా అచ్చు వేయించాడు. అట్ట వేరు, కార్డులు వేరు, పాతవి దాంట్లో పనికిరావు. ఇంటికొకటి కొనుక్కుపోయిన బండివాళ్లు అతన్ని తిట్టారు. రెండో డబ్బా అమ్ముడుపోలేదు. ముత్యం దుకాణంలో గేముల టీవీలు తీసేసి సెల్‌ఫోన్లు పెట్టుకున్నాడు. మొదటి డబ్బాతో కూడా జనానికి విసుగొచ్చింది. అందరూ కోటలోకి పోవడం అయిపోయింది, పోయాక మళ్లీ అదే వాగు.

మరుసటి సీజన్‌లో, బండ్లు తగ్గి ట్రాక్టర్లు పెరిగిన రోజుల్లో, భీమన్న ఒక్కడే వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు. చాయ్ సగం తాగాక అడిగాడు.

"అన్నా, నాగులు ఉన్నడా?"

"ఉన్నడు. లోయ దాటి చింత చెట్ల కింద ఆగిండు. వాన వడ్తుంది. వీపు మీది పొదిల రెండు బాణాలున్నయి."

మూడేళ్లయినా సీమోను తడుముకోలేదు. భీమన్న ముఖం వెలిగింది.

"కాలు?"

"కాలు గట్లనే ఉంది."

"మంచిగ జెయ్ అన్నా. గదొక్కటి జెయ్. రాజలింగును తోల్కొస్త. మునుపటి లెక్క ఆడుకుందం."

రూతమ్మ పొయ్యి దగ్గర నుంచి ఇటు తిరిగింది. "గా కాలు ఇయ్యరాదా? నోటి మాటే గద. పైసలడిగిండా ఆయన?"

సీమోను తుడిచిన బల్లనే మళ్లీ తుడిచాడు. ఆ ఒక్క మాటతో తన బల్ల తిరిగి నిండుతుందని అతనికి తెలుసు. పొయ్యి మీద చాయ్ మరిగి అంచులకు ఎక్కుతున్నా రూతమ్మ దించలేదు.

"గవ్వలు వడ్డయి భీమన్నా," అన్నాడు చివరికి. "ఇప్పుడు కాలు ఇస్తే, అన్నేండ్లు నిన్ను ఉత్తగనే కుంటిచ్చినట్టయితది."

"ఉత్తగనే కుంటిచ్చినవ్," అన్నాడు భీమన్న. మిగిలిన చాయ్ తాగకుండా లేచి బండి దగ్గరికి పోయాడు. తర్వాత నుంచి చాయ్‌కి కూడా మైదానం అవతల ఉన్న ఇంకో హోటల్‌కే పోయేవాడు.

సీమోను ఇంకో నాలుగు సీజన్లు హోటల్ నడిపాడు. కోట ఆట మళ్లీ ఆడించలేదు. అతను మంచం పట్టాక చూడటానికి వచ్చిన రాజలింగు, ఏం మాట్లాడాలో తెలియక ఆట సంగతే ఎత్తాడు.

"ఇప్పుడన్న చెప్పు అన్నా. నీ కోటల ఏముండె?"

"ఏం లేకుండె," అన్నాడు సీమోను. "ఎవడన్న ఆడిదాంక వస్తే అప్పుడు సూద్దమనుకున్న."