ముత్తయ్య పెట్టిన షరతు

నా వ్యాసంలోంచి ఒక్క వాక్యం తీసేసి, కింద నా పేరు మాత్రం ఉంచారు. ఆ వాక్యం లేనందుకు ఒక మనిషి చనిపోయాడు.

అది 2007. నేను చదివింది ఏడో తరగతే. భద్రాచలంలో లాడ్జి గుమస్తాగా పనిచేసి మానుకున్నాక, ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చుని టైపింగ్ నాకు నేనే నేర్చుకున్నాను. హైదరాబాదులోని ఒక ట్రావెల్ వెబ్‌సైటుకు మా అడవి ప్రాంతం గురించి రాసేవాణ్ణి. ఆ పనిలో అందరూ ఏడ్చేది లింకుల కోసం. వేరే సైటువాళ్లు మన పేజీని మెచ్చి, తమ పేజీలోంచి దానికి దారి పెడితే అది లింకు. లింకులు ఎక్కువైన కొద్దీ వెతికేవాళ్లకు మన సైటు ముందు కనిపిస్తుంది. ఎవరూ రాయనిది రాయండని ఎడిటర్ ఒకటే పోరు.

ఎవరూ రాయనిది నాకు తెలుసు. దుమ్ముగూడెం దాటి లోపలికి పోతే ఒక వాగు, అవతల చిన్న జలపాతం. తాటి దోనెలో దాటించేది ముత్తయ్య అనే కోయ రైతు. నీ పేరు రాయనా అని అడిగాను.

"రాయి సారూ. గానీ ఒక్క మాట గూడ రాయి. వాన ఆగినంక రెండు దినాలు ఎవ్వల్నీ రావద్దను. ఈడ ఎండ కాస్తనే ఉంటది, పైన గుట్టల నీళ్లు అప్పుడు దిగుతయ్."

"రాస్తలే. నమ్మవా ఏంది?"

"నాకు సదువు రాదాయె. నువ్వేం రాసినవో ఆ వాగుకే తెల్వాలె," అని నవ్వాడు.

మొదటి పేరాలోనే రాశాను. పేజీ వచ్చాక చూస్తే లేదు. ఎడిటర్‌కు ఫోన్ చేశాను.

"రావద్దు అని ఉంటే ఎవరు లింక్ ఇస్తారంకుల్? వానలు మొదలయ్యేలోపు కలుపుదాంలెండి."

నేను ఊరుకున్నాను. లింకుల మీద లింకులు వస్తున్నాయని అతను చెప్తుంటే, దాచడమెందుకు, గర్వంగానే ఉండేది. ముత్తయ్యకు సంగతి చెప్పలేదు.

శ్రావణంలో ముసురు తెరిపిచ్చిన మర్నాడు, నగరం నుంచి నలుగురు ఉద్యోగులు ఆ పేజీ ప్రింటు పట్టుకుని వచ్చారు. ఆ తర్వాత జరిగింది ముత్తయ్య భార్య లచ్చమ్మ నా మొహం చూడకుండా చెప్పింది.

"ఇయ్యాల వద్దన్నడు సారూ. గాళ్లు కాయితం సదివి ఇనిపిచ్చిండ్రు. రావద్దని యాడా లేదు. కింద నీ పేరున్నదన్నరు. సారు రాయలేదంటే తెలిసినోళ్లను అడిగే ఇడిసిండు, ఏం కాదులే అని దోనె దించిండు."

దోనె నడిమికి చేరాక పైనీళ్లు వచ్చాయి. నలుగురూ కొమ్మలు పట్టుకుని బతికారు. ముత్తయ్య మూడో రోజు గోదావరి ఒడ్డున దొరికాడు.

"నీకు సదువొచ్చు గద, ఏం రాసినవ్ సారూ?" అని అడిగింది లచ్చమ్మ.

వాక్యం తీసిన పాపం వాళ్లది. చూసి ఊరుకున్నది నేను. మన పేరు కింద ఉన్న మాటకే కాదు, లేని మాటకూ పూచీ మనదేనని ఆ పని నాకు నేర్పింది. పేజీ తీసేయమని దసరా దాకా ఉత్తరం మీద ఉత్తరం రాశాను. ఆఖరికి జవాబు వచ్చింది:

"గౌరవనీయులైన సార్, మీ బాధ అర్థం చేసుకోగలం. అయితే మా సైటులో అన్నిటికన్నా ఎక్కువ లింకులున్నది ఆ పేజీకే. తీసేస్తే అవన్నీ పోతాయి. కాబట్టి పేజీ అలాగే ఉంటుంది. ముత్తయ్య గారి పేరు మారుస్తాము. ఇప్పుడు దోనె ఎవరు నడుపుతున్నారో దయచేసి తెలియజేయగలరు."