మిషనమ్మ విప్పిన తుపాకీ

మిషనమ్మ ఒక్క తుమ్ము తుమ్మిందంతే, వందేళ్ళనాటి యుద్ధపు తుపాకీ గజగజ వణికి, ఏ ముక్కకాముక్క ఊడిపోయి బల్లమీద బుద్ధిగా వరసలో కూర్చుంది. రెండో తుమ్ముకి లేచి మళ్ళీ తుపాకీ అయింది. నమ్మకపోతే మ్యూజియం ఎదురుగా ఉన్న టీకొట్టులో అడగండి. అక్కడైతే మూడో తుమ్ముకి అది సెల్యూట్ కూడా కొట్టిందంటారు.

మిషనమ్మ అంటే కుట్టుమిషన్లు బాగుచేసే ఆవిడ. వీధి చివర ఒంటిగది దుకాణం. జనమంతా కుట్టిన బట్టలే కొనుక్కోవడం మొదలెట్టాక ఇళ్ళల్లో మిషన్లు అటకెక్కాయి, వాటి వెనకాలే ఆవిడ బేరాలూ ఎక్కాయి. ఖాళీగా ఉంటే చేతులు దురద పెట్టే మనిషి కాబట్టి, తను కూర్చునే కుర్చీనే విప్పి బిగించుకుంటూ కాలక్షేపం చేస్తోంది. సరిగ్గా కుర్చీ నాలుగు ముక్కలై ఉన్నప్పుడు బావ దిగాడు.

బావంటే అక్క మొగుడు. సైన్యంలో తుపాకులు బాగుచేసి రిటైరైన మనిషి. చెయ్యి ఒక్క ఎడమవైపే వాటం, నోరు మాత్రం రెండువైపులా వాటమే.

"ఏమే మరదలా, సూదుల పని మానేసి తుపాకుల పనికొస్తావా?" అన్నాడు, కూర్చోడానికి చోటు వెతుక్కుంటూ.

"మీ నోరు పేలినట్టు ఏ తుపాకీ పేలుతుంది బావా? ముందు సంగతి చెప్పండి."

సంగతి ఇదీ. పాత బ్యారక్‌లో ఉన్న మ్యూజియంలో కొత్తగా ఆయుధాల గది తెరుస్తున్నారు. నడిమధ్య అద్దాలపెట్టెలో పెట్టాల్సిన తుపాకీని ఏ కాలంలోనో గ్రీజు పూసి గోదాములో పడేశారట. ఆ గ్రీజు కాస్తా బంకలా గడ్డకట్టి, గుండుని గొట్టంలోకి తోసే ఇనపకడ్డీ, అదే బోల్టు, కదలడం లేదు. సాయంత్రం తలుపులు మూసేలోపు దాన్ని విప్పి, శుభ్రం చేసి, బోల్టు ఆడేట్టు బిగించి ఇస్తే ఆ గది చూసుకునే ఉద్యోగం మిషనమ్మది. లేదంటే తుపాకీని చెక్కపెట్టెలో పెట్టి మేకులు కొట్టి పెద్ద మ్యూజియానికి పంపేస్తారు, గది చూసుకునే మనిషినీ అక్కణ్ణించే తెప్పించుకుంటారు. ఆ చెక్కపెట్టె అప్పటికే మ్యూజియం గుమ్మం దగ్గర నోరు తెరుచుకుని కూర్చుంది.

"ఆ మ్యూజియం మేడమ్‌కి నీ గురించి గట్టిగా చెప్పాను. నా కళ్ళు మసకలు గానీ, నా మరదలి కళ్ళు డేగ కళ్ళన్నాను."

"పెళ్ళిచూపులప్పుడు మెల్లకళ్ళన్నారుగా?"

"అది మీ అక్కని పొగడాల్సొచ్చి అన్నాన్లే. నడు."

మిషనమ్మ గుండె, నూనె వేసిన కుట్టుమిషన్‌లా టకటకా కొట్టుకుంది. దుకాణానికి తాళం వేసిందో లేదో కూడా చూసుకోలేదు. కుర్చీ ముక్కలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

మ్యూజియం వెనకగదిలో పొడుగుబల్ల, దానిమీద తెల్లగుడ్డ, గుడ్డమీద తుపాకీ. బోల్టు చుట్టూ కిరసనాయిలు చుక్కలు వదిలి, గుడ్డతో తుడిచి, మళ్ళీ వదిలి, పసిపిల్ల మూసిన గుప్పెట విప్పినట్టు మెల్లగా వెనక్కి లాగింది. వచ్చింది.

"ముందు వేలు పెట్టి చూడు. లోపల గుండు లేదని ఎవరు చెప్పినా నమ్మకు. నేను చెప్పినా నమ్మకు," అన్నాడు బావ.

"మీరు చెబితే అసలే నమ్మన్లెండి."

ఖాళీయే. ఇక ఆవిణ్ణి పట్టుకోవడం ఎవరి తరం? బోల్టు విప్పి లోపలి పిన్ను బయటికి తీసి, "ఓస్, ఇదీ సూదేనా, దీనికీ స్ప్రింగేనా," అని మురిసిపోయింది. తీసినవాటిని తీసిన వరసలో పేర్చి, చివర తీసింది ముందు బిగించాలి. ఇద్దరి వృత్తిలోనూ అదే పద్ధతి. అడుగున కర్రనీ ఇనుమునీ పట్టుకుని ఉండే రెండు పెద్ద స్క్రూలు బిగుసుకుపోయి ఉంటే, వాటిని మాత్రం బావ చేతిబలంతో తీసి గుడ్డమీద పెట్టాడు. ముందువైపుది మొదట తీశాడు, వెనకవైపుది తర్వాత తీశాడు. అప్పుడు మిషనమ్మ కిటికీ దగ్గర నిలబడి గొట్టం తుడుస్తోంది. మసి వదిలాక ఒంటికన్నుతో చూస్తే లోపల వెలుగు సుళ్ళు తిరుగుతోంది. "బావా, ఇటు రండి, ఇటు రండి, ఎంత బాగుందో," అని ఆయన చొక్కా పట్టుకుని లాక్కొచ్చింది.

అన్నీ తుడిచి, పల్చగా నూనె రాసి, పాటలు పాడుకుంటూ బిగించింది. కర్ర కూర్చుంది, స్క్రూలు కూర్చున్నాయి. బోల్టు తోసింది. వేలెడు దూరంలో ఆగిపోయింది. ఇంకోసారి తోసింది. అక్కడే ఆగింది.

పాట ఆగింది. బయట వరండాలో కిటికీలు మూస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

"బోల్టు అరిగిపోయుంటుందే. ఆకురాయి తీసుకురా, కొంచెం రాస్తే..."

"రాస్తే మళ్ళీ అతికిస్తారా? చెయ్యి తియ్యండి బావా. అరిగింది వదులవుతుంది గానీ అడ్డం పడుతుందా? మిషన్ చక్రం తిరక్కపోతే లోపల ఏదో అడ్డమొచ్చినట్టు."

దర్జీలు గుడ్డమీద గీతలు గీసే నీలిసుద్ద ఎప్పుడూ ఆవిడ కొంగున ముడేసుంటుంది. దాన్ని బోల్టు పొడుగునా రుద్ది, లోపలికి తోసి, బయటికి తీసి చూసింది. అడుగువైపు ఒక్కచోట సుద్ద చెరిగింది. టార్చి వేసి తుపాకీ కడుపులోకి తొంగిచూసింది. ముందరి స్క్రూ మొన తగుదునమ్మా అని పైకి లేచి నిలబడుంది.

"బావా, ఈ రెండు స్క్రూలూ ఒక్క పొడుగేనా?"

"కాదే. వెనకది రవ్వంత పొడుగు."

"మీరు వీటిని ఎటునుంచి ఎటు పేర్చారు?"

"అందరూ పేర్చినట్టే. కుడినుంచి ఎడమకి."

"అందరూ ఎడమనుంచి కుడికి పేరుస్తారు మహానుభావా. మీరు మొదట తీసింది కుడివైపుంటే, నేను ఎడమవైపుది మొదట తీసిన ముందరి స్క్రూ అనుకుని ముందువైపు బిగించాను."

"అయితే తప్పు నీదే."

"మా అక్క మీతో ఎలా వేగుతోందో ఏమో."

అటు గుమ్మం దగ్గర మేడమ్ వచ్చి నిలబడింది, పక్కన పెట్టె, పెట్టె పక్కన సుత్తీ మేకులతో ఒక మనిషి. "అయిందా అండీ?" అని అడిగింది.

"అయిపోయింది మేడమ్," అంది మిషనమ్మ, రెండు స్క్రూలూ రెండు చేతుల్లో పట్టుకుని. పొట్టిది ముందుకి, పొడుగుది వెనక్కి. బిగించింది. తనే తోసి చూసుకోకుండా తుపాకీని మేడమ్ చేతుల్లో పెట్టింది. చూశారా ఆ ధీమా?

మేడమ్ బోల్టు తోసింది. వెన్నలో కత్తి దిగినట్టు జారి, టక్కున కూర్చుంది. ఎంత బాగుందో ఏమో, మళ్ళీ లాగింది, మళ్ళీ తోసింది. చిన్నపిల్లలా ఆడుకుంటూ, "రేపట్నుంచి వచ్చెయ్యండి," అంది. మేకుల మనిషి సుత్తి సంచిలో వేసుకున్నాడు.

ఆ కబురు మ్యూజియం మెట్లు దిగేసరికి పగలంతా పట్టిన పని గంటయింది, రోడ్డు దాటేసరికి నిమిషమైంది, టీకొట్టు చేరేసరికి తుమ్మయింది. తుమ్ముల సంగతి నిజమేనా అని ఆవిణ్ణే అడిగితే, టీ చల్లార్చుకుంటూ చెప్పింది:

"తుమ్మింది నేను కాదు, మా బావ. కిరసనాయిలు వాసన ఆయనకి పడదు. తుపాకీకి పొద్దున్నించి సాయంత్రం దాకా పట్టింది. కుర్చీ ఇంకా బిగించలేదు."