నొప్పి కావాలని అడిగినాయన

మర్రిగూడ వైపు మా ఊళ్లో గొర్లు కాసే పెద్దమనిషిని నేను కాకా అనేవాణ్ణి. రోజూ పొద్దుగూకే ముందు ఒక్కో గొర్రెనూ ఒళ్లోకి లాక్కుని, గిట్టల సందుల్లో వేలు పెట్టి ముల్లుందేమో వెతికేవాడు. తన పాదాలను మాత్రం ఎన్నడూ తిప్పి చూసుకోలేదు.

"నీకు గుచ్చుకోవా కాకా?" అంటే నవ్వేవాడు. "మల్లన్న దయ బిడ్డా. రెండేండ్ల సంది కాలే బండ మీద నిలవడ్డా సుర్రుమంటలేదు."

చక్కెర వ్యాధి ఆయన కాళ్ల స్పర్శను తినేసిందని మా ఇద్దరికీ తెలియదు. ఒకనాడు ఆయన భార్య ఇంట్లో కుళ్లిన వాసన వస్తోందని మూలమూలా వెతికి, చివరికి మొగుడి మడమ దగ్గర ఆగింది. తుమ్మముల్లు లోపలే విరిగి ఉంది. పాదం నల్లబడింది.

నల్లగొండ దవాఖానలో మూత్రం పరీక్ష చేసిన డాక్టరు, చక్కెర వ్యాధితో కాళ్లకు నొప్పి తెలియకుండా పోయిందనీ, ఈ కాలు మోకాలి దాకా తీసేయకపోతే ప్రాణం దక్కదనీ అన్నాడు.

"గొర్ల కాళ్లు చూస్తవు, నీ కాలు గొర్రెపాటి చెయ్యదా?" అని భార్య ఏడుస్తూ కూలబడింది.

కాక డాక్టరు చెయ్యి రెండు చేతులా పట్టుకున్నాడు. "నొప్పి వచ్చేటట్టు జర మందియ్యి సారూ. ఇగ రోజూ చూసుకుంట."

డాక్టరు చెయ్యి విడిపించుకోలేదు. "రెండో కాలు కూడా ఇటు చాపు" అన్నాడు మెల్లగా.