సీరియల్లో పిల్లవాణ్ని చంపేసిన వారం

నర్సమ్మ పోయారని మొన్న పొద్దున ఆవిడ కూతురు ఫోన్ చేసి చెప్పింది. నిద్రలోనే ప్రాణం పోయిందట. ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఏ పనీ తోచలేదు. ఒక టీవీ సీరియల్ గురించి ఆవిడకీ నాకూ మొదలైన వాదన ఇన్నేళ్లైనా తెగలేదు. ఇక అవతలివైపు మాట్లాడే మనిషి లేదు.

తొంభైల చివర్లో విశాఖ మన్యంలో, డుంబ్రిగుడకు దగ్గర్లోని ఒక కొండ ఊరి బడికి నన్ను టీచరుగా వేశారు. కొత్త ఉద్యోగం, అలవాటు లేని చలి. డుంబ్రిగుడలో నా గది పక్క వాటాలో ఆవిడ ఉండేవారు. శ్రీకాకుళం వైపు మనిషి. భర్త లేడు, కూతురు విశాఖలో హాస్టల్లో ఉండి చదువుకునేది. ప్రభుత్వ నర్సుగా అప్పటికే చాలా ఏళ్లుగా టీకాల డబ్బా భుజాన వేసుకుని కొండలెక్కుతున్నారు. ఊళ్లో అందరిచేతా మాత్రలు మింగించే మనిషి, తన మోకాళ్ల నొప్పులకు మాత్రం ఒక్క మాత్ర వేసుకునేవారు కాదు.

ఆవిడకున్న ఒకే ఒక్క వ్యసనం టీవీ. అందులోనూ దయ్యాల సీరియళ్లు, వేరే గ్రహాల సీరియళ్లు. ఆదివారం సాయంత్రం ఆవిడ బ్లాక్ అండ్ వైట్ టీవీ ముందు ఇద్దరం కూర్చునేవాళ్లం. కొండల మధ్య సిగ్నల్ సరిగా అందక తెరంతా చుక్కలు పడేవి. అంతరిక్షం కథలకు ఆ చుక్కలు బాగానే నప్పేవి. పాపం ఎరగనివాళ్లు ఎవరైనా చచ్చిపోతే ఆవిడ ఊరుకునేవారు కాదు. "ఇది రాసినోడికి పిల్లల్లేరా ఏటి?" అని టీవీని తిట్టేవారు. నేను సీరియల్ పక్షం మాట్లాడేదాన్ని. తర్వాత నాకు బదిలీ అయినా ఆవిడ వదల్లేదు. మా పక్కింటికి ఫోన్ చేసి నన్ను పిలిపించి, హలో కూడా అనకుండా, "టీచరమ్మా, ఈ వారం ఆ కోడల్ని దయ్యం సేసేసారు, సూసావా?" అనేవారు.

బడి ఉన్న ఊళ్లో కరెంటు లేదు. బుధవారం టీకాల రోజు. సూది అంటే భయపడి తల్లులు పిల్లల్ని చంకనేసుకుని పొలాల్లోకి పోయేవారు. వాళ్లను బడి వరండాకు రప్పించడానికి నర్సమ్మ ఆ వారం సీరియల్ కథ చెప్పేవారు. కథలో ఒక ముక్క, ఒక సూది, మళ్లీ కథ.

ఆ రోజుల్లో వచ్చే ఒక సీరియల్లో, దారితప్పి భూమ్మీద పడిన వేరే గ్రహం పిల్లవాణ్ని ఒక సైంటిస్టూ అతని భార్యా పెంచుకుంటారు. వింటూ వింటూ ఆ ఊరి ఆడవాళ్లందరికీ వాడు సొంతబిడ్డ అయిపోయాడు. ఒక ఆదివారం, వాడి ఒంట్లోంచి వచ్చే కిరణాలతో భూమి మొత్తం నాశనమవుతుందని తెలిసి, ఆ సైంటిస్టే వాణ్ని యంత్రంలో పెట్టి చంపేశాడు.

"పెంచిన సేత్తోనే సంపేత్తాడా?" అన్నారు నర్సమ్మ.

"లోకం బతకాలంటే తప్పదు కదక్కా. కథ ధైర్యంగా చెప్పారు" అన్నాను.

రెండు రోజులు ఇదే తగువు. బుధవారం వరండాలో ఆవిడ, పిల్లవాడు ఓడెక్కి వాళ్ల గ్రహానికి పారిపోయాడని చెప్పారు. ఆడవాళ్లు సంతోషంగా నవ్వారు. నాకు ఒళ్లు మండింది.

"అబద్ధం. వాడు చచ్చిపోయాడు. తండ్రే చంపేశాడు" అన్నాను అందరి ముందూ.

నవ్వులు ఆగిపోయాయి. మూల కూర్చున్న ఒకామె లేచి, చంటిదాన్ని ఎత్తుకుని, టీకా వేయించకుండానే వెళ్లిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఆమె పెద్దకొడుకు నా బడిలోనే రెండో తరగతి చదివేవాడు. రెండు నెలల కిందటే మలేరియాతో పోయాడు. హాజరుపట్టీలో వాడి పేరు కొట్టేసింది నేనే. నర్సమ్మ కథ ఎవరికోసం మార్చారో అప్పటికిగాని నా బుర్రకెక్కలేదు.

నర్సమ్మ సూదులు సర్దేశారు. డబ్బా మూతపెట్టి, "పద" అన్నారు.

టీకా వేయించకుండా వెళ్లినామె ఇంటి గుమ్మంలో కూర్చున్నాం. నేను తప్పయిపోయిందన్నాను. ఆమె నావైపు చూడకుండా నర్సమ్మనే అడిగింది.

"నిజంగా సచ్చిపోనాడా?"

"పోనాడమ్మా. నానే అబద్దం సెప్పినాను."

"మరి ఆళ్లమ్మ ఏటి సేసింది?"

సీరియల్లో తల్లిని చూపించనే లేదు. పిల్లవాడు పోగానే లోకమంతా పండగ చేసుకుంది, ఆ వారం అక్కడితో అయిపోయింది.

"ఏటీ సూపించనేదమ్మా."

"అలగైతే కత అవ్వనేదు" అందామె. "ఆళ్లమ్మ ఏడవాల. ఆడి గుడ్డలు ఏటి సేసిందో సెప్పాల."

నర్సమ్మ, ఆ తల్లి వాడి చొక్కా ఉతికి ఆరేసిందని చెప్పారు.

"ఉతకదు" అందామె. "ఆడి వాసన పోద్ది."

"అవునమ్మా. ఉతకనేదు" అని దిద్దుకున్నారు నర్సమ్మ.

అలా ఒకరు చెబుతుంటే ఒకరు దిద్దుతూ ఆ తల్లి కథ నడిపారు. చెబుతూ చెబుతూ ఆమె ఏడ్చింది. ఇరుగుపొరుగు ఆడవాళ్లు వచ్చి కూర్చుని, వాళ్లూ తలో మాటా కలిపారు. మధ్యలో ఎప్పుడో చంటిదానికి టీకా పడింది. నేను దాని కాలు పట్టుకున్నాను.

"సంపడానికి నిమిషం సాలు టీచరమ్మా. ఆ తరవాత ఏటయ్యిందో సెప్పడమే కట్టం" అన్నారు నర్సమ్మ బయటికి వచ్చాక. ఆ పిల్లవాడు చావడం కథకు అవసరమేనని నేను తర్వాత కూడా వాదించాను. ఆవిడ ఎన్నడూ ఒప్పుకోలేదు. కానీ ఆ రోజు తర్వాత, ఏ కథలో ఎవరు చనిపోయినా, మిగిలినవాళ్లను చూపిస్తారా లేదా అని ఎదురుచూడటం నాకు అలవాటైపోయింది.

ఆ సాయంత్రం ఆడవాళ్లు ఊరవతలి గెడ్డ వాగు దాకా మా వెనకే వచ్చారు. కథలోని ఆ తల్లి ఆ మొగుడితో మళ్లీ కాపురం చేస్తుందా చేయదా అని వాళ్లలో వాళ్లకే తగువు. నేను ముందు దాటేశాను. నర్సమ్మ కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని నీళ్లలోకి దిగారు. సగం దాటేసరికి గట్టు మీంచి ఆ చంటిదాని తల్లి కేకేసింది.

"నర్సమ్మా, ఆళ్లమ్మ ఆ ఇంట్లోనే ఉందా, ఎల్లిపోనాదా?"

"బేగి రా అక్కా, చీకటి పడుతోంది" అన్నాను నేను ఇవతలి గట్టు నుంచి. ఆవిడ వినిపించుకోలేదు. మోకాలి లోతు చల్లటి నీళ్లలో నిలబడి, ఆమె వైపు తిరిగి, ఏం చెబితే బాగుంటుందా అని ఆలోచిస్తున్నారు.