ఎత్తిచ్చే చెయ్యి

తొంభైల చివర్లో నేను ఇంగ్లీషు మాటలకు తెలుగు అర్థాలు రాసే పని ఒకటి నెత్తికెత్తుకున్నాను. మద్దిలపాలెం బస్సు డిపో వెనక చిన్న ప్రెస్సు నడుపుకునే ఒకాయన, పదో తరగతి పిల్లల కోసం జేబులో పట్టే డిక్షనరీ వెయ్యాలనుకున్నాడు. నేను ఎం.ఏ. చదివి ఇంట్లో ఊరికే కూర్చున్నానని ఎవరో చెప్పారట, కబురు పంపాడు. మా ఆయనది పోర్టులో షిఫ్టుల ఉద్యోగం. ఒక వారం ఆయన పొద్దున్నే పోతాడు, ఒక వారం పొద్దున్నే వస్తాడు. ఏ వారం ఏ వేళకు అన్నం వండాలో కాలెండరు మీద గుర్తు పెట్టుకునేదాన్ని. దాన్ని ఊరికే కూర్చోవడం అంటారని నాకు అప్పుడే తెలిసింది. అయినా ఒప్పుకున్నాను, సీతమ్మధారకు కాపురానికి వచ్చాక నా చదువును ఎవరైనా గుర్తు చెయ్యడం అదే మొదలు.

ప్రెస్సాయన పద్ధతి ఇది. ఒక్కో మాటకు ఒక్కో అట్టముక్క. దాని మీద మాట, అర్థం, అది ఎక్కణ్ణుంచి పుట్టిందో ఒక ముక్క, ఒక వాడుక వాక్యం రాయాలి. అన్నీ కలిపి మూడు లైన్లు దాటకూడదు. ఏ, బి, సి ఎలాగో గట్టెక్కాయి. డి దగ్గర ‘డెసొలేట్’ అనే మాట వచ్చి అడ్డం పడింది.

అది మనుషులు లేక పాడుబడ్డ చోటుకూ వాడతారు, నా అన్నవాళ్ళు లేక కుంగిపోయిన మనిషికీ వాడతారు. తుఫాను హెచ్చరిక వచ్చిన మధ్యాహ్నం బీచి రోడ్డును అలా అనవచ్చు. పెళ్ళివారంతా వెళ్ళిపోయాక విడిదింట్లో మిగిలిపోయిన ముసలావిణ్ణీ అనవచ్చు. మూలం లాటిన్. అందులో ‘సోలస్’ అంటే ఒక్కరే అని. దాని ముందు, పూర్తిగా అని చెప్పే చిన్న ముక్క ఒకటి చేరి, ఒకరిని పూర్తిగా ఒంటరిని చేసి వదిలెయ్యడం అనే అర్థం వచ్చింది. నాకు ఆ మాట మీద మమకారం పుట్టింది అక్కడే. ఒంటరి అంటే ఒంటరి, అంతే. ఈ మాటలో మాత్రం ఇంకొకరున్నారు, మొన్నటిదాకా పక్కనే ఉండి వదిలేసి పోయినవాళ్ళు.

ఇదంతా మూడు లైన్లలో కుక్కి పంపితే, ప్రెస్సాయన ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టేసి పక్కన ‘ఒంటరి’ అని రాసి తిప్పి పంపాడు. ‘అలోన్’కి అప్పటికే ఒంటరి వేశాం. ‘లోన్లీ’కీ, ‘సాలిటరీ’కీ కూడా అదే వెయ్యాలని ఆయన ముందే తీర్మానించుకుని ఉన్నాడు. నాకు ఒళ్ళు మండి బస్సెక్కి వెళ్ళి కూర్చున్నాను. ఏకాకి అంటే పురాణంలా ఉందన్నాడు. నిర్జనం చోటుకే సరిపోతుంది, మనిషికి అతకదు. దిక్కులేని అంటే తిట్టులా ఉందన్నాడు. చివరికి నేను, బిక్కుబిక్కుమంటూ అనే మాట ఉంది కదా, చిన్నపిల్లలు కూడా వాడతారు కదా అన్నాను. అది డిక్షనరీలో వేస్తే బడి మాస్టర్లు నవ్వుతారని ఆయనే నవ్వాడు. రెండు టీలు అయ్యాక చివరి మాట చెప్పాడు.

“అర్థం ఎవడికి కావాలి మేడమ్, వాక్యం రాయండి. సదవగానే కుర్రోడికి కడుపులో తెలవాలి. అలాటిది తెస్తే మీ మాట ఉంచుతాను.”

శుక్రవారానికి డి మొత్తం ఇచ్చెయ్యాలి, వాక్యం లేకపోతే ఒంటరే.

కడుపులో తెలిసే వాక్యం రాయాలంటే పొద్దున పూట ఒక గంట ప్రశాంతంగా కూర్చోవాలి. ఆ గంట నాకు ఎవరూ దక్కనిచ్చేవారు కాదు. సరిగ్గా ఎనిమిదిన్నరకు మా గేటు దగ్గర చేపలావిడ దిగబడేది.

యాభై ఏళ్ళ మనిషి, జాలారి కుటుంబం. హార్బరులో చేపలు కొనుక్కుని, మా పేట మొదటిదాకా ఆటోలో వచ్చి, అక్కడ ఆటోవాడు ఎత్తిస్తే గంప నెత్తిన పెట్టుకుని వీధి వీధీ తిరిగేది. మా మూడంతస్తుల ఇల్లే మొదటి మజిలీ. పై వాటాల వాళ్ళు స్టీలు గిన్నెలు పట్టుకుని దిగి, చందువాల మొప్పలు ఎత్తి చూసి, బేరమాడి, కావలసినవి ఏరుకుని మెట్లెక్కిపోయేవారు. అప్పుడు వచ్చేది అసలు చిక్కు. నిండు గంపను దింపుకోవడం ఎలాగో మోకాలి మీదికి జార్చుకుని అయ్యేది గాని, మళ్ళీ నెత్తికెత్తుకోవడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. రెండో మనిషి అవతలి అంచు పట్టి ఎత్తివ్వాలి. చేపలు కొన్నవాళ్ళను అడిగితే, చేతులు వాసనొస్తాయండీ అనేవారు. ఆ చేతులతోనే కాసేపట్లో ఆ చేపలే తోముతారు. మా ఇంట్లో చేప వండం. అయినా కింద వాటాలో ఉన్నది నేనే కాబట్టి, కొనేది పైవాళ్ళు, గంప ఎత్తేది నేను.

“అమ్మా, ఓపాలి సెయ్యెయ్యండమ్మా” అని కిటికీ దగ్గరికి వచ్చి పిలిచేది. నేను పెన్ను మూసి వెళ్ళేదాన్ని. వచ్చి సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నా వేళ్ళకు ఆ నీచు పోయేది కాదు. సి అక్షరం అట్టముక్కలు చేపల వాసన వేస్తున్నాయని ప్రెస్సులో కంప్యూటరు పిల్ల ఫిర్యాదు కూడా చేసిందట.

మొదట్లో ఇలా ఉండేది కాదు. ఆవిడా, ఆవిడ తోటికోడలూ కలిసి వచ్చేవారు. ఈవిడ ముందు తోటికోడలి గంప ఎత్తి పెట్టేది. తర్వాత ఆ మనిషి నెత్తిన బరువుతోనే, మెడ కదలకుండా మోకాళ్ళు మాత్రం వంచి, ఒక చేత్తో తన గంప పట్టుకుని రెండో చెయ్యి ఈవిడ గంపకు ఇచ్చేది. ఒక్క ఊపులో అదీ పైకి లేచేది. ఇద్దరి మధ్యా ఒక్క మాట కూడా నడిచేది కాదు. నేను అట్టముక్కలు పక్కన పెట్టి రోజూ అది చూసేదాన్ని, అంత ముచ్చటగా ఉండేది. తర్వాత తోటికోడలు రొయ్యల కంపెనీలో పనికి చేరిపోయింది. కంపెనీ బస్సు వాళ్ళ పేటకే వచ్చి ఎక్కించుకుంటుందట. ఈవిడకు ఆ సంగతి ఎత్తితే చాలు మొహం గంటు పెట్టుకునేది. ఇరవై ఏళ్ళు నాతో తిరిగింది, ఒక్క రోజు ముందు చెప్పలేదని ఒకసారి అంది. నేను సానుభూతి చూపించి ఊరుకున్నాను. అప్పటికి అది నా నెత్తి మీదికి వస్తుందని అనుకోలేదు.

ఆ గురువారం పొద్దున నా పరిస్థితి ఏమీ బాగాలేదు. రాత్రి షిఫ్టు దిగి వచ్చి మా ఆయన లోపలి గదిలో అప్పుడే కన్ను మూశాడు. తెల్లారితే శుక్రవారం. నా ముందు ఆ అట్టముక్క ఒక్కటే ఖాళీగా ఉంది. చిత్తు కాగితంలో ఖాళీ ఇంటి మీద రాసి కొట్టేశాను, రైలు తప్పిపోయిన మనిషి మీద రాసి కొట్టేశాను. ఎవరి కడుపులోనూ ఏమీ తెలిసేలా లేదు. అప్పుడు కిటికీ దగ్గర ఆ పిలుపు. నేను కదల్లేదు. రెండోసారి ఇంకాస్త గట్టిగా పిలిచింది. లోపల మంచం కిర్రుమంది. నాకు చిర్రెత్తుకొచ్చింది.

కుర్చీలోంచి లేవకుండానే కిటికీలోంచి అన్నాను. “రోజూ నేనేనా దొరికాను నీకు? నాకు వేరే పనుండదా? ఎత్తుకోగలిగినంతే తెచ్చుకో ఇకనుంచి.”

వెళ్ళిపోయిందనుకున్నాను, హమ్మయ్య అనుకున్నానని కూడా చెప్పాలి. తలుపు వేసుకుని వాక్యాల మీద పడ్డాను. ఒక గంటన్నర పోయాక, కనీసం మిగిలిన డి మాటలైనా ప్రెస్సులో ఇచ్చేద్దామని చెప్పులు వేసుకుని గేటు తీస్తే, ఆవిడ అక్కడే ఉంది.

గోడ నీడ అప్పటికే తరిగిపోయింది. గంప మీద తడిగుడ్డ ఆరిపోయి అట్టకట్టింది. కరిగిన ఐసు నీళ్ళు గేటు కిందనుంచి మా మెట్లదాకా పారాయి. గంపలో కానాగంతల కళ్ళు మసకబారాయి, చేపల సంగతి తెలియని నాకే అది కనిపించింది. ఎదురింటి వాచ్‌మన్‌ని అడిగిందట, ఉతికిన చొక్కా వేసుకున్నానన్నాడట. ఆఫీసుకు పోయే స్కూటరాయన తల అడ్డంగా ఊపాడట. పిల్లల్ని బస్సెక్కించడానికి వచ్చిన తల్లులు పక్కకు జరిగి నిలబడ్డారట. పది దాటితే ఏ ఇంట్లోనూ చేపలు కొనరు, అప్పటికి కూరలు పొయ్యి మీదికి ఎక్కేస్తాయి. ఆవిడ ఆ రోజు సంపాదనంతా ఆ గంపలోనే ఉంది, అది మా గేటు ముందే పోయింది.

నాకు తల కొట్టేసినట్టయింది. అలాంటప్పుడు తప్పు మనదైతే కోపం ఇంకా ఎక్కువ వస్తుంది. ఇంతసేపు ఎందుకు కూర్చున్నావు, ఇంకోసారి పిలవొచ్చు కదా అని ఆవిడనే కసిరాను. ఆవిడ మాత్రం గొంతు పెంచలేదు.

“మొయ్యడానికి సత్తువుందమ్మా నాకు,” అంది. “ఎత్తిచ్చే సెయ్యే లేదు.”

చేతిలో అట్టముక్కల కట్ట గోడ మీద పెట్టి, అవతలి అంచు పట్టి ఎత్తాను. ఆవిడ నెత్తిన గుడ్డ చుట్టకుదురు మీద గంప సర్దుకుని, చెయ్యి ఊపుకుంటూ వచ్చిన దారినే వెనక్కి నడిచింది. ఆ వేళకు ముందుకు పోయి అమ్మేది ఏమీ లేదు.

నేను మద్దిలపాలెం బస్సులో కూర్చుని ఏం చేశానో చెప్పుకోవాలంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంది. కట్టలోంచి ఆ ఖాళీ అట్టముక్క తీసి, మోకాలి మీద పెట్టుకుని రాశాను. “మోసే బలం ఉండీ ఎత్తిచ్చే చెయ్యి లేక ఆమె గేటు ముందు కూర్చుండిపోయింది.” చేతులు కడుక్కోలేదు, అది కూడా వాసన వేసే ఉంటుంది. ప్రెస్సాయన రెండుసార్లు చదివాడు. ఎర్ర పెన్ను జేబులోంచి తియ్యనే లేదు. కంప్యూటరు పిల్లకు పైకి చదివి వినిపించి, వాక్యమంటే ఇదీ అన్నాడు. నా అర్థం యథాతథంగా ఉంచాడు, లాటిన్ ముక్కతో సహా. నేను వారం రోజులు కొట్లాడింది దీని కోసమే. గెలిచి బయటికి వచ్చి, డిపో ముందు బస్సు కోసం నిలబడితే ఏడుపొచ్చింది.

తర్వాత నాలుగు రోజులు చేపలావిడ రాలేదు. ఐదో రోజు వచ్చింది. పైవాళ్ళు కొనుక్కుని వెళ్ళేదాకా కిటికీ దగ్గర కాచుకుని కూర్చున్నాను. ఆవిడ కిటికీవైపు రాలేదు. గంప చిన్నది, పాతదానిలో సగం ఉంటుంది. దాన్ని తనే మోకాలి మీదికి లాక్కుని, ఒక్క క్షణం ఆగి ఊపిరి పట్టి, నెత్తి మీదికి తిప్పుకుంది. చేపలు తక్కువ దొరుకుతున్నాయేమో, వయసు మీద పడుతోందేమో అని నాకు నేనే చెప్పుకున్నాను. అడగలేదు. అలా రెండేళ్ళు గడిచాయి. ఈమధ్య ఈవిడ చందువాలు తేవడం మానేసింది, వట్టి చిన్నచేపలు, నెత్తళ్ళే తెస్తోంది, గిట్టుబాటు ఎలా అవుతుందో ఏమో అని పై వాటా ఆవిడ నాతోనే వాపోయింది.

రెండువేల సంవత్సరం దాటాక డిక్షనరీ అచ్చయి వచ్చింది. నా కాపీ విప్పి ముందు ఆ పేజీయే చూసుకున్నాను. మూడు లైన్లు, ఒక్క అచ్చుతప్పు లేదు. మర్నాడు పొద్దున ఎనిమిదిన్నరకు పిలవకుండానే గేటు తీసి నిలబడ్డాను. పైవాళ్ళు వెళ్ళిపోయారు. ఆవిడ వంగి గంప అంచు పట్టుకోగానే నేను రెండు చేతులూ చాపి, రేపటినుంచి పెద్ద గంపే తెచ్చుకో, నేను ఎత్తిస్తాను అన్నాను.

“వద్దులెండమ్మా,” అంది. “మీరు సెప్పినట్టే తెత్తన్నాను కదా. ఎత్తుకోగలిగినంతే.”

గంప మోకాలి మీదికి లాక్కుంది, నెత్తి మీదికి తిప్పుకుంది, పక్క వీధిలోకి తిరిగి చేపలమ్మా చేపలు అని కేక వేసింది. చాపిన చేతులు ఏం చేసుకోవాలో తెలియక నేను గేటు గడియ వేశాను.