విమానానికి ఒక పొర ఎక్కువ

పొద్దున్నే షెడ్డు తలుపు తీసి రెసిన్ డ్రమ్ము మూత తిప్పగానే వచ్చే వాసన కొత్తవాళ్ళకు పడదు. జువ్వలదిన్నె హార్బరుకు చేపల కోసం వచ్చే వ్యాపారులు మా షెడ్డు ముందు నుంచి పోయేటప్పుడు ముక్కుకు తువాలు అడ్డం పెట్టుకుంటారు. ఘాటుగా గొంతులో గీరుకునే వాసన అది. నాకు మాత్రం అది తగలగానే ఒక మనిషి వచ్చి పక్కన నిలబడినట్టు ఉంటుంది. నిన్న కూడా అంతే. కొత్త డ్రమ్ము మూత తీశాను, చేతిలో బ్రష్షు ఉంది, ఎదురుగా బోర్లించిన పడవ ఉంది, అయినా కొంతసేపు పనిలో చెయ్యి పెట్టలేకపోయాను. పెంచలయ్య మామ పోయి ఏళ్ళు గడిచాయి. ఆయన పేరు చెబితే మా పాళెంలో ఇప్పటికీ "విమానం పెంచలయ్యేనా?" అని నవ్వుతారు. ఆ నవ్వు నాకు నచ్చదు. అందుకే, ఆయన్ను ఎన్నడూ చూడని మీకు ఆయన ఎలాంటివాడో చెప్పాలనిపించింది.

ఆయన నాకు సొంత మేనమామ కాదు. నా భర్త శీనయ్య ఆయన్ను చిన్నాయనా అని పిలిచేవాడు కాబట్టి నాకు మామ అయ్యాడు. వేటకు పోయే ఇంట్లోనే పుట్టాడు గాని, వయసులో ఉండగానే వల వదిలేసి ఫైబర్ పడవలు కట్టడం నేర్చుకున్నాడు. గాజుపీచు మ్యాట్ పరిచి, రెసిన్ పూసి, లోపల గాలి మిగలకుండా రోలరుతో నొక్కి, అది ఆరాక మళ్ళీ ఇంకో పొర వేయడం ఆ పని. గాజుపీచు దుమ్ము చర్మంలో దిగబడి, అన్నం తినేటప్పుడు కూడా ఎడమచేత్తో కుడి మోచెయ్యి గీరుకుంటూనే ఉండేవాడు. తక్కువ మాటల మనిషి. పెళ్ళిలో కూర్చున్నా చావుకు వెళ్ళినా ఆయన ముఖంలో పెద్ద తేడా ఉండేది కాదని రాగమ్మ అత్త, అంటే ఆయన భార్య, దెప్పుతూ ఉండేది. మా చుట్టుపక్కల పాళేలలో సగం పడవలు ఆయన చేతి మీదుగా నీళ్ళలోకి దిగినవే.

శీనయ్య పోయిన పడవ కూడా ఆయన కట్టిందే. దాన్ని చేయించుకున్న యజమాని డీజిలు కలిసొస్తుందని, తేలికగా కట్టమని పట్టుబట్టాడు. మామ ఇష్టం లేకుండానే అడుగున ఒక పొర తగ్గించాడు. అలాంటి తేలిక పడవలు ఎన్నో తిరుగుతున్నాయి, వాటికేమీ కాలేదు. ఇది మాత్రం ఈశాన్య గాలుల కాలంలో ఒక సాయంత్రం వేటకు పోయి తిరిగి రాలేదు. శీనయ్య గాని, అతనితో పోయిన ఇద్దరు గాని, పడవ ముక్క గాని, ఏదీ ఒడ్డుకు కొట్టుకు రాలేదు. ఊళ్ళో పడవలన్నీ వెతికాయి. గాలి తగ్గాక హెలికాప్టర్ ఒకటి వచ్చి పైన కాసేపు తిరిగి వెళ్ళింది. ఒడ్డున అందరం తలలెత్తి చూశాం. అది కనుమరుగైపోయి అందరూ ఇళ్ళకు మళ్ళిన తర్వాత కూడా పెంచలయ్య మామ తల దించకుండా అక్కడే నిలబడి ఉన్నాడు.

నాకు ముందు నుంచీ నోరు ఎక్కువే. ఆ వారంలోనే ఆయన పెరట్లోకి వెళ్ళి పడవ గట్టిదేనా కాదా అని నిలదీశాను. శీనయ్య గురించి ఎవరిని ఏమడిగినా ఓదార్పే చెబుతున్నారు, నాకు ఓదార్పు వద్దు, జవాబు కావాలి అన్నాను. ఆయన చేతిలో రోలరు కింద పెట్టాడు. పొర తగ్గించిన సంగతి దాచకుండా చెప్పాడు. ఆయన్ను తిడదామనే వెళ్ళాను. ఆ ముఖం చూశాక తిట్టు నోట్లోనే ఆగిపోయింది.

మా వాళ్ళలో సముద్రంలో పోయి శవం దొరకని మనిషికి, కొన్నాళ్ళు ఎదురుచూశాక, దర్భలతో బొమ్మ చేసి, అతని చొక్కా తొడిగి దహనం చేస్తారు. ఆ పని అయితేనే ఇంట్లో ఆడమనిషి బొట్టూ గాజులూ తీస్తారు. పెద్దలు వచ్చి అడిగినప్పుడల్లా నేను శీనయ్య చొక్కా ఇవ్వనన్నాను. చచ్చిపోయాడని చూసినవాళ్ళెవరో చెప్పండి, అప్పుడిస్తాను అన్నాను. మొండిదని పేరు పడింది. పడితే పడిందనుకున్నాను.

అలాంటి రోజుల్లో మామ ఇంటికి లారీలో చెక్కపెట్టెలు వచ్చాయి. సరుగుడు తోట అమ్మేసి విమానం తెప్పించాడని ఊరంతా గుప్పుమంది. విడిభాగాలు పెట్టెల్లో వస్తాయట, పుస్తకం చూసుకుంటూ ఇంట్లోనే బిగించుకోవచ్చట. గొట్టాలు, బోల్టులు, చిన్న ఇంజను, రెక్కలకు గుడ్డ. అందరూ చూడటానికి వెళ్ళారు. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికి ఎగురుతానన్నదట అని ముసలివాళ్ళు రచ్చకట్ట మీద నవ్వుకున్నారు. బెంగళూరు వైపు చిన్న విమానాలు నడపడం నేర్పే చోటుకు పోయి ఆయన కొన్ని నెలలు ఉండి వచ్చాడని తెలిసినప్పుడు మాత్రం నవ్వు కొంచెం తగ్గింది. ఎందుకు ఇదంతా అని ఎవరడిగినా జవాబు చెప్పలేదు. నాకు చెప్పాడు. పడవ రాకపోతే మరుసటి పొద్దుటే పైకి పోయి వెతకడానికి ఊళ్ళో ఒక మనిషి ఉండాలన్నాడు. పడవ మీద నిలబడి వెతికితే ఒక అలకు అవతల ఏముందో కనిపించదు, పైనుంచి అయితే కనిపిస్తుంది అన్నాడు. నేను ఇంటర్ దాకా చదివి, టైలరింగ్ చేసుకుంటూ ఉన్నాను. రెక్కలకు గుడ్డ వేసే పని నన్ను చేయమన్నాడు. కూలికి కాకపోయినా వెళ్ళేదాన్ని. శీనయ్యను వెతకడానికి ఇంకా ఒక దారి ఉందన్న మాట వినబడింది ఆ పెరట్లో మాత్రమే.

రెక్కకు ఎముకల్లాంటి గొట్టాల మీద గుడ్డ జిగురుతో అంటించి, ఇస్త్రీపెట్టెతో వేడి తగిలిస్తే అది ముడుచుకుని డోలు చర్మం లాగా బిగుసుకుంటుంది. వేడి ఎక్కువైతే గుడ్డ కాలుతుంది, తక్కువైతే వదులుగా ఉండిపోతుంది. మొదటి రెక్క మూల కాల్చేశాను. మామ కేకలు వేయలేదు. కాలిన ముక్క కోసి తెచ్చి నా చేతిలో పెట్టి, అది ఎక్కడ తప్పిందో నన్నే చెప్పమన్నాడు. ఏం చెప్పినా, అవునా అని మళ్ళీ అడిగేవాడు. విసుగెత్తి తెలవదు మామా అన్న తర్వాతే ఎలా చేయాలో చూపించాడు. తెలిసినట్టు చేసే చెయ్యి నేర్చుకోదన్నది ఆయన పద్ధతి. గుడ్డపని అయ్యాక రెసిన్ కలపడం, మ్యాట్ పరవడం, ఆరిన పొర కింద గాలి ఉందేమో వేలితో తట్టి వినడం కూడా ఆ పెరట్లోనే వచ్చాయి నాకు. ఇప్పుడు నేను తినే తిండి ఆ పనిదే.

పుస్తకం ప్రకారం ఆ విమానానికి చక్రాలు ఉండాలి. మా దగ్గర చదునైన నేల ఎక్కడుంది, అంతా ఇసుకా రొయ్యల గుంటలే. అందుకని చక్రాల బదులు కింద రెండు చిన్న పడవల్లాంటివి తగిలించి, ఉప్పుటేట్లో నుంచి లేపాలనుకున్నాడు. వాటిని ఫ్లోట్లు అంటారు. అవి కట్టడం ఆయనకు చిటికెలో పని. ఎన్ని పొరలు వేయాలో కాగితం మీద ఉంది. అన్ని పొరలూ వేశాడు. ఆరాయి. మరుసటి రోజు నేను వెళ్ళేసరికి ఇంకో పొర పరుస్తున్నాడు. అయిపోయింది గదా మామా అంటే వినిపించుకోలేదు. శీనయ్య వాళ్ళ పడవ పోయిన నాటి నుంచి ఆయన చేతి నుంచి బయటికి పోయిన ప్రతి పడవకూ ఒక పొర ఎక్కువే పడింది. విమానానికీ పడింది. ఫ్లోట్లకు వేసి ఊరుకోలేదు, ముక్కుకూ తోకకూ కూడా వేశాడు. పడవలకు బరువు ఎక్కువైతే యజమాని గొణుగుతాడు, అంతే. విమానం సంగతి అది కాదని మా ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు. పడవలు కట్టే వాళ్ళం, గట్టిదైతే మంచిదనే మా లెక్క.

ఉప్పుటేట్లోకి దింపిన రోజు ఊరంతా గట్టు మీదే ఉంది. ఇంజను చెవులు పగిలేలా అరిచింది. విమానం ఏటి పొడవునా నురగ చిమ్ముకుంటూ పరుగెత్తి, చివరిదాకా పోయి, అలాగే నీళ్ళలో ఆగింది. మళ్ళీ మళ్ళీ ప్రయత్నించాడు. ఒక్క జానెడు లేవలేదు. పిల్లలు ఈలలు వేశారు. నెల్లూరులో ఉండే, విమానాల మరమ్మతు పనిలో రిటైరైన ఇంజనీరుగారు ఒకాయన్ను మామ బతిమాలి పిలుచుకొచ్చాడు. ఆయన తూకం వేయించి, చేత్తో తడిమి, చాలాసేపు తల పట్టుకున్నాడు.

"పెంచలయ్యా, నువ్వు మునగనిది కట్టావు. ఎగిరేది కాదు," అన్నాడు. ఎక్కువగా వేసిన పొరలు తీసేయాలని, తీశాక కూడా నీళ్ళ మీద పరుగెత్తించి చూడటం వరకే గాని అనుమతి లేకుండా గాలిలోకి లేపొద్దని గట్టిగా చెప్పి వెళ్ళాడు. మా తీరంలో రాకెట్లు వదిలే రోజు వేటకే పోనివ్వరు, ఇక విమానానికి అనుమతి ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు.

మరునాడు మామ గ్రైండరు పట్టుకుని ఫ్లోటు ముందు కూర్చున్నాడు. యంత్రం తిరుగుతోంది గాని చెయ్యి ముందుకు పోవడం లేదు. ఆపాడు, మళ్ళీ వేశాడు, మళ్ళీ ఆపాడు. నా వైపు తిరిగి, "నా చెయ్యి రావడంలా కామాక్షీ. నువ్వు తియ్యి," అన్నాడు.

చేతులకు కొబ్బరినూనె పూసుకుని, ముఖానికి తడిగుడ్డ కట్టుకుని నేను తీశాను. తెల్లటి దుమ్ము పెరడంతా కమ్ముకుంది. ఆయన పక్కనే మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చుని చూస్తూ ఉండేవాడు. ఒక ఫ్లోటు అయ్యాక యంత్రం ఆపి నీళ్ళు తాగుతుంటే అడిగాడు.

"ఆ పడవకు ఆ పొర వేసుంటే మనవాడు వచ్చుండేవాడా?"

ఆ మాట ఆయన అడగకముందే ఎందరో ఆయన్ను ఓదార్చారు. పడవదేముంది, రాత అలా ఉంది అన్నారు. నాకూ నోటి దాకా అదే వచ్చింది. అంత పెద్దమనిషి కళ్ళు అలా నా మీదే ఉంటే అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"తెలవదు మామా," అన్నాను.

ఆయన ఫ్లోటును వేలితో తట్టి చూశాడు. తర్వాత, "నాకూ తెలవదు. తెలవకుండానే ఉండాల గదమ్మా ఇంక," అన్నాడు. ముఖం తుడుచుకున్నాడు. దుమ్ము వల్లే అనుకోమన్నట్టు నా వైపు చూశాడు. ఇద్దరం ఏడ్చాం, దాచేదేముంది. శీనయ్య పోయాక నేను ఇంకొకరి ఎదుట ఏడ్చింది అదే మొదలు.

ఎక్కువ వేసిన పొరలన్నీ తీశాక మళ్ళీ ఏట్లోకి దించాం. ఈసారి గట్టు మీద పెద్దగా జనం లేరు. పరుగెత్తించి చూస్తానన్నాడు. సగం ఏరు దాటకుండానే విమానం నీళ్ళ మీద నుంచి లేచింది. ఆయన దించలేదు. తాటిచెట్ల ఎత్తు దాటి, సముద్రం మీదికి పోయి, వెడల్పుగా ఒక చుట్టు తిరిగి వచ్చి ఏట్లో దిగాడు. నేను మొలలోతు నీళ్ళలోకి పోయి రెక్క పట్టుకున్నాను. ఏం కనపడింది మామా అని అడిగాను.

"నీళ్ళు," అన్నాడు. బెల్టు విప్పుకోవడం మర్చిపోయి కూర్చున్నాడు. "అంతా నీళ్ళేనమ్మా. మన పడవలు అక్కడుండాయని తెలిసి వెతికినా కనపడలా. ఇంత పెద్దదని నేననుకోలా."

ఆ వారంలోనే నేను శీనయ్య చొక్కా ఇచ్చాను. ఎవరూ బలవంతం చేయలేదు. దర్భల బొమ్మకు ఆ చొక్కా బొత్తాలు మామే పెట్టాడు. పోలీసులు వచ్చి, మళ్ళీ ఎగరనని ఆయన చేత రాయించుకుని పోయారు. ఆయన వాదించలేదు. విమానం పెరట్లో టార్పాలిన్ కింద ఉండిపోయింది. ఉప్పుగాలికి బోల్టులు తుప్పు పట్టాయి, రెక్కల గుడ్డ ఎలుకలు కొట్టేశాయి. పడవల పని మాత్రం చేశాడు, లెక్క ప్రకారం ఎన్ని పొరలో అన్నే వేస్తూ, చివరి పొర అయ్యాక చేతులు వెనక్కి కట్టుకుని పక్కకు జరిగేవాడు. అలా జరగడం ఆయనకు ఎంత కష్టమో నాకొక్కదానికే తెలుసు. తర్వాతి వానాకాలంలో గుండె ఆగి పోయాడు. ఇంజను ఎవరో కొనుక్కుపోయారు. రోలర్లూ బ్రష్షులూ నాకిమ్మని చెప్పి పోయాడట, రాగమ్మ అత్త తెచ్చి ఇచ్చింది.

పోయిన కార్తీకంలో నా షెడ్డులో కట్టిన పడవ ఒకటి చెప్పిన వేళకు రాలేదు. దాని మీద వేటకు పోయినవాడి భార్య, చిన్న వయసు పిల్ల, జుట్టు కూడా ముడేసుకోకుండా పరుగెత్తి వచ్చి, పడవ గట్టిదేనా అక్కా అని అడిగింది. వేయాల్సిన పొరలన్నీ వేశానని, సముద్రం సంగతి నాకు తెలియదని చెప్పాను. షెడ్డుకు తాళం వేసి ఆమెతో పాటు ఒడ్డున కూర్చున్నాను. ఆమె నన్ను తిట్టింది కూడా, ఊరుకున్నాను. మరుసటి పొద్దున ఇంజను చెడిన ఆ పడవను ఇంకో పడవ తాడు కట్టి లాక్కొచ్చింది. మనుషులందరూ ఉన్నారు. ఆ పిల్ల మొగుణ్ణి పట్టుకుని ఏడ్చి, తర్వాత నా దగ్గరికి వచ్చి రెండు చేతులూ పట్టుకుంది.

"నీ పడవే మావాణ్ణి కాపాడిందక్కా," అంది.

ఆ మాట తీసుకుంటే ఎంత హాయిగా ఉండేదో. "తెలవదమ్మా," అన్నాను.