బంతిమడిలో నేను దాచిన మొక్క

పదేళ్లు దాటింది. ఈ పదేళ్లలో ఒక్క రోజు కూడా దేవుడి ముందు నిండుగా చేతులు జోడించలేకపోయాను. రెండు అరచేతుల మధ్య ఏదో అడ్డం. అదేమిటో నాకు తెలుసు. తెలిసినవాళ్లలో మా అత్త పోయింది. ఇంకొకాయన ఎక్కడున్నాడో తెలియదు. మీరెవరో నాకు తెలియదు, బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను బడికి పోలేదు. మా నాయన ఇంట్లోనే పలక పెట్టి అక్షరాలు నేర్పాడు. వాటితో పాటు ఒక అలవాటు కూడా నేర్పాడు. పడుకునే ముందు ఆ రోజు అందిన మేలు ఒక్కటైనా తలుచుకుని దండం పెట్టుకోవాలి. కొళాయిలో నీళ్లొచ్చాయి, దండం. జ్వరం తగ్గింది, దండం. అంత మంచి అలవాటుతోనే నేను చెయ్యరాని పని చేశాను. ఎట్లా చేశానో చెప్తాను.

తొంభైల చివరి మాట. మడివాళలో మాకు సొంత ఇల్లు, వెనక పెరడు, పెరట్లో అద్దెకిచ్చిన ఒక గది. మా అత్తకు కడుపులో పుండు. ఇక ఇంటికి తీసుకుపొమ్మని డాక్టర్లు చెప్పేసిన జబ్బు. తిన్నది నిలిచేది కాదు. తన చిన్నప్పుడు చింతామణి దగ్గర పల్లెలో గంజాయి ఆకు నేతిలో వేయించి, బెల్లంతో కలిపి ఇస్తే నొప్పి అణిగేదని, అది కాస్త దొరికితే చాలని నా చెయ్యి పట్టుకుని అడిగింది. అడగడం ఆమెకూ సులువు కాదు. ఆమె పెద్దకొడుకు ఆ పొగకే అలవాటుపడి ఇల్లు వదిలిపోయాడు. అప్పటినుంచి మా ఆయన ముందు గంజాయి అన్న మాటే ఎత్తకూడదు.

కాదనలేకపోయాను. ఆమెను చూడడానికి వచ్చిన ఊరి బంధువు ఒకామె అత్త అడిగిందని కొంగుకు ముడేసి గింజలు తెచ్చింది. ఆషాఢంలో వేయాల్సిన గింజలు. నా చేతికొచ్చేసరికి వినాయక చవితి దాటిపోయింది. పండగ పూలకని పెట్టిన బంతిమడిలో మూడో వరుసలో వేశాను. దూరం నుంచి చూస్తే బంతి ఆకూ దాని ఆకూ ఒకటే. నాలుగు మొలిచాయి, ఒకటి నిలిచింది. పొద్దు తగ్గుతున్న రోజులు గదా, మోకాలెత్తు రాకముందే పూత పట్టింది. ఆ ఏడు వాన కూడా వదల్లేదు. పూతకు బూజు పడుతుందని భయం. వాసన గోడ దాటుతుందని భయం. కరెంటు మీటరు చూసేవాడు పెరట్లోకి వస్తే చాలు, బిందె పట్టుకుని మడికి అడ్డం నిలబడేదాన్ని. పొరుగావిడ పూజకు పూలడిగితే నేనే పరుగెత్తి కోసిచ్చేదాన్ని. ఎవరి కంటా పడకుండా గట్టెక్కిస్తే కార్తికంలో నూటెనిమిది దీపాలు పెడతానని మొక్కుకున్నాను. ఇట్లాంటి పనికి దేవుణ్ణి కాపలా పెట్టొచ్చా? అప్పుడు ఆ ప్రశ్న నాకు రాలేదు.

రెండుసార్లు ఆకు వేయించి ఇచ్చాను. రెండోసారి అత్త పిడికెడు సంగటి తిని సాయంత్రం దాకా నిద్రపోయింది.

పెరటి గదిలో అద్దెకున్న సుధాకర్ అంగళ్లకు బోర్డులు రాసేవాడు. అనంతపురం వైపు మనిషి. జుట్టు భుజాల దాకా ఉండేది. కార్తికంలో భార్యనూ నెలల బిడ్డనూ తెచ్చుకుంటానని మా ఆయన్ను అడిగి ఒప్పించుకున్నాడు. ఒక జోరువానలో నేను గొడుగు పట్టుకుని బంతిమడి పక్కన నిలబడి ఉండటం ఆయన చూశాడు. మర్నాడు చూస్తే మూడో వరుస మీద నాలుగు కర్రలు పాతి, రంగుల పనిలో వాడే తన ప్లాస్టిక్ షీటు కప్పి ఉంది. పడుకునే ముందు ఆ మేలుకు కూడా దండం పెట్టుకున్నాను.

దీపావళి ముందురోజు పొద్దున మా ఆయన తన అంగడికి దండ కట్టాలని తానే మడిలోకి దిగాడు. నేను లోపల అత్తకు ఒళ్లు తుడుస్తున్నాను. అరుపు విని బయటికొచ్చేసరికి మొక్క వేళ్లతో సహా ఆయన చేతిలో ఉంది. రెండో చేతిలో రంగు మరకల షీటు. ఎదురుగా సుధాకర్.

"ఈ షీటు ఎవురిదప్పా?"

"నాదేన్నా."

"చెట్టు?"

సుధాకర్ నా వైపు చూశాడు. ఒక్క చూపు.

"బోర్డులకేసే రంగు చాల్లేదా, ఇది గూడా కావాల్సొచ్చిందా నీకు? లోపల మాయమ్మ నొప్పికి ఏడుస్తా ఉండాది, నువ్వు పెరట్లో గంజాయి పెంచుతా ఉండావా! మాట్లాడప్పా!"

"అరవద్దన్నా, అవ్వకి వినపడతాది. మధ్యాన్నానికి గది ఖాళీ చేస్తా."

నేను నోరు తెరవాలి. తెరవలేదు. లోపలికి వెళ్తే, "నేను చెప్తా వానికి" అని అత్త లేవబోయింది. ఆమె నోటికి నా చెయ్యి అడ్డం పెట్టాను. నొప్పితో ఉన్న మనిషి నోటికి. ఆమెకు చెడ్డపేరు రాకూడదనే అట్లా చేశానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. నిజమేనా? కాదు. నన్ను పుట్టింటికి పంపేస్తాడని భయం. తక్కినదంతా తర్వాత నేను కట్టుకున్న మాట.

మా ఆయన వీధంతా చెప్పాడు. ఆ తర్వాత మడివాళ సంతలో ఒక్క అంగడివాడు కూడా సుధాకర్‌కు పని ఇవ్వలేదని విన్నాను.

ఇంతవరకూ భయం. భయాన్ని మీరు అర్థం చేసుకుంటారేమో. దీని తర్వాతది చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

కార్తికం మొదటి సోమవారం నేను మొక్కు తీర్చుకున్నాను. ఇంటి ముందు నూటెనిమిది దీపాలు. గట్టెక్కించావు స్వామీ అని కళ్లనీళ్లతో దండం పెట్టాను. ఎవరి మీద కాలు పెట్టి గట్టెక్కానో తెలిసే పెట్టాను. దీపాలింకా వెలుగుతుండగానే గేటు దగ్గర ఒక అమ్మాయి కనిపించింది. చంకలో బిడ్డ, చేతిలో సంచి. సుధాకర్ భార్య. ముందే అనుకున్న రోజుకు బస్సెక్కి వచ్చేసింది, ఆమెకేమీ తెలియదు. మా ఆయన గుమ్మంలోంచే గంజాయి సంగతి చెప్పేసి లోపలికి వెళ్లిపోయాడు.

ఆ పిల్ల దీపాల వైపు చూసింది. నా వైపు చూసింది.

"అక్కా, నీకు దేవుడంటే భయం జాస్తి అని ఆయన జాబులో రాసినాడు. నువ్వు చెప్పక్కా. నిజంగా ఆయనేనా?"

"మగోళ్ల సంగతి మనకేం తెలుస్తాది తల్లీ" అన్నాను.

అంతే. కాఫీ ఇచ్చాను. నిలబడే తాగింది. ఏడుస్తూనే గ్లాసు కొళాయి దగ్గర కడిగి బోర్లించి వెళ్లింది. తిరిగి బస్సుకు పోయిందో, ఆయన్ను వెతుక్కుంటూ పోయిందో తెలియదు. గేటు దాకా పోయి పిలిస్తే వినపడే దూరంలోనే ఉండింది చాలాసేపు.

అత్త పుష్యమాసంలో పోయింది. చివరిదాకా ఆ సంగతి నాతో ఎత్తలేదు. మందు ఇస్తే నోరు తెరిచేది. నా ముఖం మాత్రం చూసేది కాదు.

వెతికావా అని మీరడగొచ్చు. ఏ అంగడి బోర్డు చూసినా కింది మూలన రాసినవాడి పేరు కోసం చూసేదాన్ని. దాన్ని వెతకడం అంటారా? ఇప్పుడన్నీ అచ్చు బోర్డులు, మూలన ఏ పేరూ ఉండదు. మా పెరడు కూడా లేదు. అక్కడ గదుల మీద గదులు వేసి ఉద్యోగాల పిల్లలకు పీజీ నడుపుతున్నాం. మొన్న జుట్టు పెంచుకున్న ఒకతను గది అడగడానికి వచ్చాడు. మా ఆయన సుధాకర్ కథ చెప్పి, నీలాంటోళ్లను నమ్మలేమప్పా అని పంపేశాడు. నేను పక్కనే ఉన్నాను. ఆ వచ్చినతనికి మంచినీళ్లు కూడా ఇచ్చాను.

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీరు ఇవ్వగలిగింది కాదు. ఆ పిల్ల అడిగిన దానికి జవాబు మాత్రం ఇక్కడ రాస్తున్నాను. ఆయన కాదు తల్లీ. గింజ వేసింది నేను. మీ ఆయన వానకు షీటు కప్పాడు, అంతే.

రాసేశాను. ఊపిరి కాస్త లోపలిదాకా దిగింది.